పురసేవలో వల్లభభాయి పటేల్

ప్రజాస్వామ్య సౌధానికి స్థానిక స్వపరిపాలన సంస్థలే పునాదిరాళ్ళు. శాసనసభలలో చేసే చట్టాలు, రాజధానులలో తీసుకొనే నిర్ణయాలు ప్రజల జీవితాలను ఎంతగా ప్రభావితం చేసినా, సామాన్యుని నిత్యజీవితం ముడిపడి ఉండేది మాత్రం వీధి దీపంతో, మంచినీటి కుళాయితో, మురుగు కాలువతో, పిల్లలు చదివే బడితో. వీటి మంచిచెడ్డలు చూసే బాధ్యతను ప్రజలు తమ వార్డు సభ్యునిపై ఉంచుతారు. ఈ పదవిని చిన్నదిగా భావించేవారు ఎందరో ఉన్నారు. కాని దేశం గర్వించదగిన మహానాయకులలో ఒకడైన సర్దార్ వల్లభభాయి పటేల్ తన ప్రజాజీవితాన్ని ఆరంభించింది ఒక పురపాలక సంఘ సభ్యునిగానే. ఐదువందలకు పైగా సంస్థానాలను భారతదేశంలో విలీనం చేసిన ఉక్కుమనిషిగా ఆయనను అందరూ ఎరుగుదురు. అహమదాబాదు నగర వీధులలో మురుగు కాలువలను పరీక్షిస్తూ తిరిగిన కౌన్సిలరుగా ఆయనను ఎరిగినవారు తక్కువ. ఆయన జీవితంలోని ఆ ఘట్టమే ఈ పాఠ్యాంశానికి వస్తువు.

వల్లభభాయి 1875 అక్టోబరు 31న గుజరాతులోని నడియాద్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జవేర్‌భాయి, తల్లి లాడ్‌బాయి. వారిది నాటి ఖేడా జిల్లాలోని కరంసద్ గ్రామం. సామాన్య వ్యవసాయ కుటుంబం కావడం వల్ల వల్లభభాయికి చదువు తేలికగా అబ్బలేదు. 1897లో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, పుస్తకాలు అరువు తెచ్చుకొని స్వయంకృషితో న్యాయశాస్త్రం చదివి 1900లో ప్లీడరు పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. మొదట గోధ్రాలోను, తరువాత బోర్సద్‌లోను న్యాయవాద వృత్తి సాగించాడు.

గోధ్రాలో ఉన్న కాలంలో ఆ ఊరికి ప్లేగు వ్యాధి సోకింది. కన్నబిడ్డలు సైతం రోగిని తాకడానికి భయపడే రోజులవి. కోర్టులో పనిచేసే ఒక మిత్రునికి ఆ వ్యాధి సోకగా వల్లభభాయి వెనుకాడక అతనికి పరిచర్య చేశాడు. ఫలితంగా తానూ ఆ వ్యాధికి గురయ్యాడు. భార్యను దూరంగా పంపివేసి, తాను నడియాద్ చేరి ఏకాంతంగా ఉండి కోలుకున్నాడు. ఆపదకు ఎదురునిలిచే ఈ స్వభావమే తరువాతి కాలంలో ఒక నగరానికంతటికీ అండ అయింది.

1909లో భార్య జవేర్‌బా మరణించింది. అప్పటికి కుమార్తె మణిబెన్, కుమారుడు డాహ్యాభాయి పసివారు. మరుసటి సంవత్సరం ఆయన బారిస్టరు చదువుకై ఇంగ్లండు వెళ్ళాడు. మూడేళ్ళ చదువును రెండున్నర సంవత్సరాలలోనే ప్రథమ శ్రేణిలో ముగించుకొని 1913లో స్వదేశానికి తిరిగివచ్చి అహమదాబాదులో స్థిరపడ్డాడు. ప్రతివాది వాదనను తునాతునకలు చేయగల ప్రతిభ ఆయనకు వృత్తిలో పేరును, ధనాన్ని తెచ్చిపెట్టింది. పాశ్చాత్య దుస్తులు ధరించి, సాయంకాలం గుజరాత్ క్లబ్బులో మిత్రులతో పేకాట ఆడుతూ కాలం గడిపే ఆ బారిస్టరుకు ఆనాడు ప్రజాసేవ పట్ల పెద్దగా ఆసక్తి ఉండేది కాదు.

అప్పటి అహమదాబాదు నగరాన్ని గురించి కొంత తెలుసుకోవాలి. సబర్మతీ నదీతీరాన అహ్మద్‌షా 1411లో నిర్మించిన ఆ నగరం చుట్టూ కోటగోడ ఉండేది. లోపల ఇరుకైన సందులు, వాటికిరువైపులా ఒకదానికొకటి ఆనుకొని ఎత్తుగా లేచిన ఇళ్ళు ఉండేవి. ఒకే ద్వారం గుండా ప్రవేశించవలసిన ఈ నివాస వాడలను అక్కడివారు పోల్‌లు అంటారు. 1861లో రణఛోడ్‌లాల్ ఛోటాలాల్ అక్కడ మొదటి బట్టలమిల్లును ప్రారంభించాడు. ఆ తరువాత మిల్లుల సంఖ్య పెరిగింది. పనికోసం పల్లెలనుండి జనం తరలివచ్చారు. జనసంఖ్య రెండు లక్షలు దాటింది. ఆ రణఛోడ్‌లాలే పురపాలక సంఘాధ్యక్షుడై గొట్టాల ద్వారా మంచినీటిని సరఫరా చేసే ఏర్పాటుకు, భూగర్భ మురుగు కాలువల నిర్మాణానికి పూనుకున్నాడు. అయినా నగరం పెరిగిన వేగానికి ఆ వసతులు చాలలేదు. ఇరుకు సందులలో చెత్త పేరుకొనేది. వేసవిలో నీటికి కటకట ఏర్పడేది. అంటువ్యాధులు తరచుగా నగరాన్ని పీడించేవి.

ఈ సమస్యలకు తోడు మరొక చిక్కు ఏర్పడింది. పెద్ద పురపాలక సంఘాలపై ఐ.సి.ఎస్. అధికారిని కమిషనరుగా నియమించే అధికారాన్ని ప్రభుత్వం చేపట్టింది. అహమదాబాదుకు వచ్చిన కమిషనరు ప్రజాప్రతినిధుల మాటను లెక్కచేయక తన ఇష్టానుసారం వ్యవహరించసాగాడు. అతనిని ఎదుర్కొనగల ధీశాలి కౌన్సిలులో ఉండాలని మిత్రులు భావించి, వల్లభభాయిని ఎన్నికలలో నిలబడవలసిందిగా ఒత్తిడి చేశారు. మొదట సందేహించినా చివరకు ఆయన అంగీకరించాడు. 1917 జనవరిలో దరియాపూర్ స్థానానికి జరిగిన ఉపఎన్నికలో పోటీచేసి ఒకే ఒక్క ఓటు ఆధిక్యంతో గెలుపొందాడు. ఆ కాలంలో ఓటుహక్కు అందరికీ లేదు. పన్నులు చెల్లించే కొద్దిమందికి మాత్రమే ఉండేది. ఆ కొద్దిమందిలో ఒక్క ఓటరు ఆనాడు ఇల్లు కదలకపోయినా వల్లభభాయి ప్రజాజీవితం మరొక విధంగా ఉండేదేమో! ఒక్క ఓటుకు గల విలువ ఎంతటిదో గ్రహించడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

సభ్యుడైన కొద్దికాలంలోనే వల్లభభాయి తన పనితీరును చూపించాడు. ఆవేశపూరితమైన ఉపన్యాసాలు ఆయన మార్గం కాదు. కార్యాలయంలోని దస్త్రాలను పట్టుదలతో చదివాడు. నియమ నిబంధనలను క్షుణ్ణంగా పరిశీలించాడు. కమిషనరు చర్యలలోని లోపాలను ఆధారాలతో సహా కౌన్సిలు ముందుంచాడు. న్యాయస్థానంలో సాక్షిని ప్రశ్నించే నేర్పే ఇక్కడ ఆయనకు అక్కరకు వచ్చింది. ఆ అధికారిని తొలగించాలని కౌన్సిలు తీర్మానించగా, ప్రభుత్వం అతనిని అక్కడినుండి మార్చక తప్పలేదు. దొరల ఎదుట నోరు మెదపడానికే జంకే ఆ రోజులలో ఈ సంఘటన పురప్రజలకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

అధికారిని ఎదిరించడం ఒక ఎత్తు, నగరాన్ని శుభ్రం చేయడం మరొక ఎత్తు. పారిశుద్ధ్య సంఘానికి అధ్యక్షుడైన వల్లభభాయి రెండవ పనికి పూనుకున్నాడు. పురపాలక సంఘంలో ఇది ఎవరూ కోరని బాధ్యత. దీనిలో ఆడంబరం లేదు, కీర్తి లేదు. పైగా వీధిలోకి చెత్త విసిరేవారిని, కాలువలకు అడ్డుగా కట్టడాలు కట్టేవారిని కాదన్నందుకు సొంత ఓటర్ల ఆగ్రహానికే గురికావలసి వస్తుంది. అయినా ఆయన వెనుదీయలేదు.

అదే సంవత్సరం అహమదాబాదులో ప్లేగు ప్రబలింది. బడులు, కోర్టులు మూతపడ్డాయి. స్తోమతు గలవారు నగరం విడిచి వెళ్ళారు. నగరానికి చేరువలో ఉన్న కోచరబ్ గ్రామానికీ వ్యాధి వ్యాపించడంతో గాంధీజీ తన ఆశ్రమాన్ని అక్కడినుండి సబర్మతీ తీరానికి మార్చవలసి వచ్చింది. గోధ్రాలో ఆ వ్యాధి ఎంతటి భయంకరమైనదో స్వయంగా అనుభవించిన వల్లభభాయి తానూ వెళ్ళిపోయి ఉంటే తప్పుపట్టేవారు లేరు. కాని పారిశుద్ధ్య సంఘాధ్యక్షుడే నగరాన్ని వదిలిపోతే వీధులు ఊడ్చే కార్మికులు ఎవరిని చూసి పనిలో నిలుస్తారు? వెళ్ళడానికి దారిలేని పేదలు ఎవరిని చూసి ధైర్యం తెచ్చుకుంటారు? అందువల్ల ఆయన నగరంలోనే ఉండిపోయాడు. ప్రతిదినం వీధులలో తిరిగి కాలువలను శుభ్రం చేయించాడు, మందులు చల్లించాడు, పనివారి కష్టసుఖాలు విచారించాడు. ప్రజలు తమ ప్రతినిధిని సభాభవనంలో కాక తమ వాకిలి ముందు చూశారు. ఆయనకు వారి హృదయాలలో స్థానం లభించింది ఆ దినాలలోనే.

ఈ కాలంలోనే ఆయనపై గాంధీజీ ప్రభావం ప్రసరించింది. క్లబ్బులో కూర్చుండి గాంధీజీ మాటలను పరిహాసం చేసిన బారిస్టరు, చంపారన్ రైతుల పక్షాన ఆయన నిలిచిన తీరును చూసి ఆకర్షితుడయ్యాడు. 1918లో ఖేడా రైతుల సత్యాగ్రహంలో గాంధీజీకి కుడిభుజమై నిలిచాడు. 1920లో సహాయనిరాకరణోద్యమం ఆరంభం కాగానే వేలకొద్దీ ఆదాయం తెచ్చే వృత్తిని త్యజించి, విదేశీ దుస్తులను విడిచి ఖద్దరు ధరించాడు. 1921 డిసెంబరులో అహమదాబాదులో జరిగిన కాంగ్రెసు మహాసభకు ఆహ్వాన సంఘాధ్యక్షునిగా వ్యవహరించాడు.

జాతీయోద్యమంలో దిగినంత మాత్రాన ఆయన పురపాలక సంఘాన్ని విస్మరించలేదు. ఆ సంఘాన్నే ఉద్యమ క్షేత్రంగా మార్చాడు. పురపాలక పాఠశాలలకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తూ, దాని పేరిట వాటిపై అజమాయిషీ చేసేది. ఆ గ్రాంటూ వద్దు, ఆ అజమాయిషీ వద్దు అని 1921లో కౌన్సిలు తీర్మానించింది. నడియాద్, సూరత్ పురపాలక సంఘాలు కూడా ఇదే మార్గాన్ని అనుసరించాయి. ప్రభుత్వం బెదిరించింది. కౌన్సిలు లొంగలేదు. చివరకు 1922 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఎన్నికైన సంఘాన్ని రద్దుచేసి, పాలనను తాను నియమించిన కమిటీకి అప్పగించింది. అంతటితో ఆగక, పాఠశాలలపై చేసిన ఖర్చు చట్టవిరుద్ధమని, ఆ సొమ్మును సభ్యులే చెల్లించాలని న్యాయస్థానంలో దావా వేసింది. ఓడిపోతే సభ్యుల సొంత ఆస్తులకే ముప్పు. అయినా ఎవరూ చలించలేదు. ఆ దావాలో ప్రభుత్వానికి విజయం లభించలేదు.

పదవి పోయింది. కాని బాధ్యత పోలేదని వల్లభభాయి భావించాడు. ఆయన, ఆయన సహచరులు ప్రజల విరాళాలతో ఒక విద్యామండలిని స్థాపించి జాతీయ పాఠశాలలను నడిపారు. చాలామంది ఉపాధ్యాయులు, విద్యార్థులు ప్రభుత్వాధీనంలోని బడులను విడిచి వీటిలో చేరారు. ప్రజల విశ్వాసం ఉన్నంతవరకు, ముద్రలు దస్త్రాలు లేకపోయినా ప్రజాప్రతినిధి సేవ చేయగలడని ఈ ఉదంతం నిరూపించింది.

1924లో తిరిగి ఎన్నికలు జరిగాయి. నగర ప్రజలు కాంగ్రెసు అభ్యర్థులకు ఆధిక్యాన్నిచ్చారు. వల్లభభాయి పురపాలక సంఘాధ్యక్షునిగా ఎన్నికయ్యాడు. 1928 ఏప్రిల్ వరకు ఆ పదవిలో ఉన్నాడు. ఆ రోజులలో పలువురు జాతీయ నాయకులు పురపాలక సంస్థలలో బాధ్యతలు స్వీకరించారు. కలకత్తాలో చిత్తరంజన్ దాస్, అలహాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ, పాట్నాలో రాజేంద్రప్రసాద్ ఇట్లే పురపాలనకు సారథ్యం వహించారు. మన ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం అంతకు చాలాముందే రాజమహేంద్రవరం పురపాలక సంఘాధ్యక్షునిగా పనిచేశాడు. స్వరాజ్యం వచ్చిన తరువాత పాలించడం నేర్చుకోవచ్చునని వారు కాలయాపన చేయలేదు. చేతికి అందిన చిన్న అధికారాన్ని సమర్థంగా నిర్వహించి, భారతీయులు తమను తాము పాలించుకోగలరని చాటారు.

అధ్యక్షునిగా వల్లభభాయి మొదట మంచినీటి సరఫరాను పెంచడంపైన, భూగర్భ మురుగు కాలువలను విస్తరించడంపైన దృష్టి నిలిపాడు. కోటగోడ లోపల ఇరుకైపోయిన నగరాన్ని నదికి ఆవలి ఒడ్డున ఎల్లిస్ వంతెన ప్రాంతంలోకి ప్రణాళికాబద్ధంగా విస్తరింపజేసే పనులను ప్రోత్సహించాడు. ఈ పనులకు ధనం కావాలి. ధనం పన్నుల రూపంలో రావాలి. పన్ను అనగానే ముఖం చిట్లించే స్వభావం మనుష్యులకు సహజం. కాని వసతులు కోరే పౌరుడు పన్ను చెల్లించడానికి వెనుకాడరాదని ఆయన నిశ్చితాభిప్రాయం. బకాయిల వసూలులో ధనికుడని, మిత్రుడని, తన పక్షంవాడని భేదం చూపలేదు. వచ్చిన ప్రతి పైసాకు లెక్క చూపించాడు. విదేశీ ప్రభుత్వం విధించిన అన్యాయపు పన్నును చెల్లించవద్దని రైతులకు బోధించిన నాయకుడే, తాము ఎన్నుకొన్న సంఘానికి పన్ను సకాలంలో చెల్లించవలసిందని పౌరులను నిర్బంధించడం గమనించదగినది. ఈ రెండింటిలో వైరుధ్యం లేదు. ప్రజల అంగీకారం లేని పన్ను దండన అవుతుంది. ప్రజల ప్రయోజనానికి ప్రజాప్రతినిధులు విధించిన పన్ను ధర్మం అవుతుంది.

ఆయనతో పనిచేసిన యువకులలో గణేశ్ వాసుదేవ్ మావలంకర్ ఒకడు. వల్లభభాయి వద్ద పురపాలనలో శిక్షణ పొందిన ఆయన తరువాత అదే సంఘానికి అధ్యక్షుడయ్యాడు. స్వతంత్ర భారతంలో లోక్‌సభకు మొట్టమొదటి స్పీకరుగా ఖ్యాతి పొందాడు. పార్లమెంటు సంప్రదాయాలను తీర్చిదిద్దిన ఆ వ్యక్తి సభామర్యాదలలో ఓనమాలు దిద్దుకొన్నది ఒక నగర కౌన్సిలులోనే.

వల్లభభాయి అధ్యక్షతకు అగ్నిపరీక్ష 1927 జూలైలో ఎదురైంది. గుజరాతులో కనీవినీ ఎరుగని వర్షాలు కురిశాయి. ఏడాది పొడవునా కురవవలసిన వాన కొద్ది రోజులలోనే కుండపోతగా కురిసింది. అహమదాబాదు వీధులు కాలువలయ్యాయి. పాత ఇళ్ళు కూలసాగాయి. మొదటినాటి అర్ధరాత్రి ఆ హోరువానలో వల్లభభాయికి నిద్రపట్టలేదు. ఎవరో వచ్చి కబురు చెప్పేదాకా ఆగక తానే వీధిలోకి నడిచాడు. సహచరుడైన ఒక కౌన్సిలరును, పురపాలక సంఘ ఇంజనీరును నిద్రలేపి వెంటబెట్టుకొని, నీరు నిలిచిన తావులన్నీ చూశాడు. ప్రవాహానికి అడ్డుపడుతున్న చోట్ల కట్టడాలను తెగగొట్టించి నీరు బయటకు పోయే మార్గం ఏర్పరచాడు. తెల్లవారేసరికి ఆయన ఇంకా వీధులలోనే ఉన్నాడు. ఏళ్ళ తరబడి కాలినడకన తిరిగిన నగరం కావడం వల్ల ఏ సందులో నీరు ఎటు పారుతుందో ఆయనకు కంఠస్థమై ఉండేది. ఆ జ్ఞానమే ఆ రాత్రి నగరాన్ని కాపాడింది.

నగరం తెరిపిన పడగానే ఆయన దృష్టి పల్లెలవైపు మళ్ళింది. ఖేడా మొదలైన జిల్లాలలో గ్రామాలకు గ్రామాలే జలమయమయ్యాయి. స్వచ్ఛంద సేవకులను దళాలుగా ఏర్పరచి ఆహారధాన్యాలు, బట్టలు పంపాడు. వరద తీసిన వెంటనే రైతులకు విత్తనాలు అందేట్లు, కూలిన ఇళ్ళు తిరిగి నిలిచేట్లు ప్రయత్నించాడు. అనారోగ్యంతో మైసూరు రాజ్యంలో విశ్రాంతి తీసుకొంటున్న గాంధీజీ తానూ రావలసి ఉంటుందేమోనని విచారించగా, ఆ అవసరం లేదని వల్లభభాయి తెలియజేశాడు. ప్రభుత్వంతో ఎంతటి విరోధం ఉన్నా, బాధితులకు రావలసిన సహాయాన్ని దానినుండి రాబట్టడానికి ఆయన సంకోచించలేదు. ప్రజల ఆకలి తీర్చవలసిన వేళ పంతాలకు పోవడం నాయకుని లక్షణం కాదని ఆయన ఎరుగును.

1928లో బార్డోలీ తాలూకా రైతులు ఆయనను ఆశ్రయించారు. ప్రభుత్వం అక్కడి భూమిశిస్తును 22 శాతం పెంచింది. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో పురపాలక సంఘాధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చి వల్లభభాయి ఆ పోరాటానికి పూర్తిగా అంకితమయ్యాడు. తాలూకాను విభాగాలుగా పంచి, ఒక్కొక్క విభాగానికి బాధ్యుణ్ణి నియమించి, ప్రతి గ్రామం నుండి ప్రతిదినం వార్తలు చేరేట్లు ఏర్పాటు చేశాడు. వార్డుల వారీగా నగరాన్ని నడిపిన అనుభవం ఈ వ్యూహంలో స్పష్టంగా గోచరిస్తుంది. రైతులు విజయం సాధించారు. విచారణ జరిపిన అధికారులు ఆరు శాతానికి కొంచెం మించిన పెంపుదల మాత్రమే సమంజసమని తేల్చారు. ఆ పోరాటంతో ఆయన దేశప్రజలకు సర్దార్ అయ్యాడు.

ఆ తరువాతి జీవితం భారతదేశ చరిత్రలో భాగం. 1931లో కరాచీ కాంగ్రెసుకు అధ్యక్షత వహించాడు. పలుమార్లు కారాగారవాసం అనుభవించాడు. 1947లో స్వతంత్ర భారతానికి ఉపప్రధానిగా, హోంమంత్రిగా బాధ్యతలు స్వీకరించి సంస్థానాల విలీనాన్ని సాధించాడు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన సందర్భం తెలుగువారికి ప్రత్యేకంగా గుర్తుండదగినది. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీ ఆయన పేరుతోనే వెలసింది. 1950 డిసెంబరు 15న బొంబాయిలో సర్దార్ పరమపదించాడు. 1991లో ప్రభుత్వం ఆయనకు భారతరత్న పురస్కారాన్ని ప్రకటించింది. 2018లో నర్మదానదీ తీరాన 182 మీటర్ల ఎత్తుగల ఆయన విగ్రహాన్ని నెలకొల్పారు.

ఆకాశాన్నంటే ఆ విగ్రహాన్ని చూసేవారు, ఆ మహనీయుని తొలి అడుగులు అహమదాబాదు ఇరుకు సందులలో పడ్డాయని మరువరాదు. దస్త్రాన్ని చదవనిదే మాట్లాడకపోవడం, ఆపద వేళ ప్రజలను విడిచిపోకపోవడం, తనవారని పన్ను మినహాయించకపోవడం, పదవి పోయినా సేవ మానకపోవడం అనే గుణాలను ఆయన అలవరచుకొన్నది అక్కడే. దేశాన్ని ఏకం చేసిన దక్షత ఒక్కనాట పుట్టలేదు. పదేళ్ళకు పైబడిన పురసేవలో అది పదునెక్కింది.

1992లో పార్లమెంటు ఆమోదించిన 73, 74వ రాజ్యాంగ సవరణలతో గ్రామ పంచాయతీలకు, పురపాలక సంఘాలకు రాజ్యాంగ ప్రతిపత్తి లభించింది. నేడు పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి పౌరునికీ ఓటుహక్కు ఉన్నది. విద్యార్థులు త్వరలోనే ఆ హక్కును పొందబోతున్నారు. తమ వార్డు సభ్యుణ్ణి ఎన్నుకొనే వేళ వల్లభభాయిని గెలిపించిన ఆ ఒక్క ఓటును జ్ఞప్తికి తెచ్చుకోవాలి. ఎన్నుకొన్న తరువాత, వీధిని శుభ్రంగా ఉంచుకోవడం, పన్ను చెల్లించడం, ప్రతినిధిని నిర్భయంగా ప్రశ్నించడం తమ కర్తవ్యాలని గ్రహించాలి. ఉత్తమ పౌరులు ఉన్నచోటనే ఉత్తమ ప్రతినిధులు ఉద్భవిస్తారు.